ముప్పై ఆరు వోల్టులు

ఆదిలాబాద్,
జులై 14

సిద్దిరాములు గారికి,

నేను నవతను. పర్శరాములు భార్యను. కరీంనగర్‌ల మీరు పనిచేసిన బ్యాటరీ బండ్ల షాపుల, మీ చేతి కింద ఆరేండ్లు పనిచేసి, అదే షాపుల కాలిపోయినాయన భార్యను. జైల్ల ఉన్నోళ్లకు ఉత్తరం రాయొచ్చని మా వకీలు చెప్తే రాస్తున్న. మీరు ఫోన్ చేసుకునే లిస్టుల ఇంటోళ్ల నంబర్లే ఉంటయంట కదా.

మీ క్షేమం అడుగుదామని రాస్తలేను. నాకొక పని పడ్డది.

మా మామ సైకిల్ మీకు ఎరుకే. నల్లది, దండె ఉన్నది. మా ఆయన దాన్ని కరీంనగర్ తీస్కపోయి వెనక చక్రానికి మోటర్ ఎక్కించి, హ్యాండిల్‌కు ఎక్సలేటర్ పెట్టి, ఇంక బ్యాటరీ ఒక్కటి పెడితే అయిపాయె అని గల్లీ అంత చెప్పుకున్నడు. బ్యాటరీ కొన్నట్టు నాకైతే చెప్పలే. కొనంగనే షాపుల చార్జింగ్ పెట్టుకున్నడేమో, అదే పేలి షాపు అంటుకున్నదేమో. కోర్టుల మీరు గట్లనే చెప్పిండ్రు కదా.

ఆయన పోయినంక కరీంనగర్ ఇల్లు ఖాళీ చేసి, సామానుతోటి సైకిల్ కూడ ఆదిలాబాద్ తెచ్చిన. ఇప్పుడు మా అత్త శంకరవ్వ కాడ ఉంటున్న. కొడుకును తిన్నది ఈ సైకిలే అని ఆమె దాన్ని ఇంట్లకు రానియ్యలే. ఏడాదిన్నర నుంచి వెనక గోడకు వానకు నాన్తున్నది.

దసరా ఎల్లినంక పత్తి వస్తది. జిన్నింగు మిల్లుల నాకు పని ఇస్తనన్నరు. మిల్లు ఎనిమిది కిలోమీటర్లు. పొద్దుగాల ఆరింటికి ఆడ ఉండాలె, ఆ టైముకు ఆటోలు ఉండయి. తొక్కి చూసిన. పోవుడు పోతున్న, దినమంత నిలవడి పనిచేసినంక వచ్చుడు నాతోటి కాదు. కొత్త బండి కొనే తాకత్ లేదు. తక్కువ ఖర్చుల గీ సైకిలే నడవాలె.

దీని ముచ్చట తెలిసినోళ్లు ఇద్దరే, ఆయన, మీరు. ఆయన లేడు. అందుకే మీకు రాస్తున్న. ఇంకే సంబంధం పెట్టుకొని కాదు.

నవత

*

కరీంనగర్, జైలు నుంచి
జులై 23

చెల్లె నవతకు,

సిద్దిరాములు రాసేది. నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ పేరు చూసి విప్పడానికే భయమైంది. ఈడికి వచ్చే ఉత్తరమైనా, ఈడ నుంచి పోయే ఉత్తరమైనా సార్లు సదివినంకనే ముంగటికి పోతది. గది యాది పెట్టుకో.

చెల్లె, గా సైకిల్ జోలికి పోకు. పాత సామానోళ్లకు అమ్మేయి. కరెంటు పని అలవాటు లేనోళ్లు చేసేది కాదు. మిల్లుకు పోయేటందుకు వేరే తొవ్వ చూసుకో, అదే తొవ్వల పోయేటోళ్లు ఎవలన్న ఉంటరు.

అవ్వను అడిగిన అని చెప్పు. వద్దులే, చెప్పకు.

సిద్దిరాములు

*

ఆదిలాబాద్,
జులై 31

సిద్దిరాములు గారికి,

నన్ను చెల్లె అని పిలువకుండ్రి.

మీరు షాపు ఇడిసి పోయిండ్రు, మంట లేచింది, ఆయన పోయిండు. గది మీ తప్పే అని ఒప్పుకొని జైలుకు పోయిండ్రు, సరే. కాని బ్యాటరీ ఆయనదే అని, వద్దన్నా తెచ్చి పెట్టుకున్నడని చెప్పి ఆయన్ను కూడ బోనుల నిలవెట్టిండ్రు. నిజమే కావచ్చు. నిజమైనా, చచ్చిపోయిన మనిషి మీద గట్ల చెప్తరా? గల్లీల ఆడోళ్లు నా ముంగటనే అంటరు, మొగని షోకుకు పెండ్లాం ఆగమైందని.

అమ్మాల్నా వద్దా అని మిమ్మల్ని అడగలే. ఎట్ల చెయ్యాలో అడిగిన. మీరు చెప్పకపోతే ఫోన్ల వీడియోలు మస్తు ఉన్నయి. చూసి నేనే చేసుకుంట. ఏదన్న అయితే గది కూడ మీ నెత్తి మీదనే.

నవత

*

కరీంనగర్
ఆగస్టు 8

నవతకు,

వీడియోలు చూసి చెయ్యకు. చెప్త. కాని నేను చెప్పిన వరుసల చెయ్యాలె.

ముందుగాల మోటర్ కాదు, బ్రేకులు. మీ మామ కాలంనాటి ఇనుప కడ్డీల బ్రేకులు గా బరువును ఆపయి. రెండు చక్రాలకు తీగ బ్రేకులు ఏపియ్యి. వాన పడ్డ రోడ్డు మీద ఉరికించి, ఆపి చూడు. ఆగితేనే తర్వాతి పనికి పో.

రెండోది వెనక చక్రం ఇరుసు. మోటర్ తిరిగేటప్పుడు ఇరుసు కూడ తిరగాలని చూస్తది. తిరిగిందంటే వైర్లు తెగుతయి, చక్రం ఊడుతది. తిరగకుండ ఇరుసుకు, ఫ్రేముకు నడుమ ఇనుప పట్టీ ఉండాలె. పర్శరాములు పెట్టిండో లేదో నాకు యాదికి లేదు. లేకుంటే వెల్డింగు షాపుల చేపిచ్చి రెండు దిక్కుల బిగించు.

మూడోది, సీటు కింద సబ్బుపెట్టె అంత డబ్బా ఉంటది. కంట్రోలర్ అంటరు. బ్యాటరీల కెల్లి మోటర్‌కు ఎంత కరెంటు పోవాల్నో అదే చూస్తది. వానకు నానిందన్నవు. విప్పి చూడు. లోపల నీళ్లుంటే రెండు దినాలు ఎండకు పెట్టు.

బ్యాటరీ ముచ్చట తర్వాత. అప్పటిదాక ఏది కొనకు.

సిద్దిరాములు

*

ఆదిలాబాద్,
ఆగస్టు 19

సిద్దిరాములు గారికి,

బ్రేకులు అయినయి. మా గల్లీల సైకిల్ షాపు బాలమల్లు తాత ఏసిండు. వానల ఆపి చూసిన, ఆగింది.

ఇనుప పట్టీ ఉన్నది. రెండు దిక్కుల ఉన్నది. మీకు యాదికి లేదు గని ఆయన మర్వలే. కంట్రోలర్‌కు కూడ కవరు చుట్టి టేపు ఏసి పెట్టిండు. ఇన్ని వానలు పడ్డా లోపల చుక్క నీరు లేదు. టేపు కొసకు ఆయన పంటి గాట్లు ఇంక అట్లనే ఉన్నయి.

బ్యాటరీ తర్వాత అన్నరు. తర్వాత అంటే ఎప్పుడు? దసరా దగ్గర పడ్డది. పాత సామాను కొనే మరాఠీ ఆయన కాడ స్కూటర్‌ల కెల్లి తీసిన బ్యాటరీ ఒకటి దొరికింది. నలభై ఎనిమిది వోల్టులది. కొత్తదాని ధరల నాలుగో వంతుకు ఇచ్చిండు. 'ఏం గాదు తాయీ, ఇంక జోరుగ ఉరుకుతది' అన్నడు. తెచ్చి మంచం కింద పెట్టి, అత్తకు కనపడకుండ గోనె సంచి కప్పిన. చార్జర్ శనివారం ఇస్తడు. ఆదివారం పొద్దుగాల అత్త భజనకు పోతది. ఆమె పోంగనే ఇంట్లనే చార్జింగ్ పెట్టి, సాయంత్రం సైకిల్‌కు కలుపుత.

మీ కొరకు ఎదురు చూసుకుంట కూసోను.

నవత

*

కరీంనగర్
ఆగస్టు 23, శనివారం

నవతా, కలపకు. చార్జింగ్ పెట్టకు.

గా మోటర్‌కు, గా డబ్బాకు ముప్పై ఆరు వోల్టులే. నలభై ఎనిమిది పెడితే కాలిపోతది. డబ్బా పోతే పాయె, గా పాత బ్యాటరీ లోపల ఏం పాడైందో ఎవలకు ఎరుక. ఇప్పుడే మంచం కింది నుంచి తీసి బయట మట్టిల పెట్టు. ఇంటికి దూరంగ. అవ్వను దగ్గరకు రానియ్యకు. పొగ వస్తే నీళ్లు పోసుకుంట నిలవడకు, ఉరుకు. ఇంట్ల సామాను కొరకు మళ్ల లోపలికి పోకు. ఎంత విలువైనదైనా పోకు.

నీ ఉత్తరం ఇప్పుడే చేతికి వచ్చింది. రేపు ఆదివారం. ఇది నీకు అందదని తెలిసే రాస్తున్న. జైలరు సారు కాళ్లు పట్టుకున్న. కవరు మీది నీ అడ్రసు తీస్కొని పోయిండ్రు. ఏం చేస్తరో తెల్వది.

సిద్దిరాములు

*

ఆదిలాబాద్,
ఆగస్టు 27

సిద్దిరాములు గారికి,

మీ శనివారం ఉత్తరం ఇయ్యాల వచ్చింది. అంతకు ముందు జరిగింది చెప్త.

ఆదివారం పొద్దుగాల తొమ్మిదైంది. అత్త లోపలి అర్రల చీర కట్టుకుంటున్నది. నేను బ్యాటరీని మంచం కింది నుంచి గుంజి, చార్జర్ బోర్డుకు పెట్టి, స్విచ్చు మీద చెయ్యి ఏసిన. గడపల బండి ఆగింది. చూస్తే పోలీసు. రాయమల్లు అని కానిస్టేబుల్, హెల్మెట్ కూడ తియ్యలే.

"నవత అంటే ఎవలమ్మా?"

"నేనే."

"ఇంట్ల బ్యాటరీ ఉన్నదా? కరెంటు పెట్టినవా?"

"ఇంక లేదు."

"పెట్టకు! కరీంనగర్ జైలు నుంచి ఫోన్ వచ్చింది. మీ ఇల్లు దొరకక అర్ధ గంట నుంచి తిరుగుతున్న."

జైలు అనే మాట ఇని అత్త సగం కట్టిన చీరతోటే గడపలకు వచ్చింది. ఆ కానిస్టేబుల్ పాపం, గోనె సంచితోటి బ్యాటరీని తనే మోసి ముంగట ఖాళీ జాగల మట్టిల పెట్టిండు. చార్జింగ్ పెట్టకముందే ఒక మూలకు ఉబ్బి ఉన్నది, చెయ్యి పెడితే వెచ్చగ ఉన్నది. పాత సామానాయనను పిలిపిచ్చి ఆయననే తీస్కపొమ్మన్నరు.

నేను అయిదారు దినాలు గా వెచ్చదనం మీదనే పండుకున్న. మీరు మమ్మల్ని కాపాడిండ్రు, ఒప్పుకుంట. అత్తకు ఏం అర్థం కాలే. 'వాడెవడు మన మంచి కోరుటానికి' అని ఒక్కటే అన్నది.

మరి ఏ బ్యాటరీ పెట్టాల్నో చెప్పుండ్రి. ఈసారి తర్వాత అనకుండ్రి.

నవత

*

కరీంనగర్
సెప్టెంబర్ 3

నవతకు,

నీ ఉత్తరం సారే తెచ్చిచ్చిండ్రు. 'ఏం కాలేదయ్యా, సదువుకో' అన్నరు. ఆ మాట ఇన్నంకనే ఉత్తరం మడత విప్పిన.

లిథియం వద్దు. కొత్తది కొనలేవు, పాతది నమ్మలేవు. సీసం బ్యాటరీలు తీసుకో, కరెంటు పోతే కంప్యూటర్లను నడిపే డబ్బాలల్ల ఉంటయి చూడు, గవి. ఒక్కొక్కటి పన్నెండు వోల్టులు. మూడు కొని ఒకదాని వెనక ఒకటి కలిపితే ముప్పై ఆరు. నాలుగోది కలపకు, నలభై ఎనిమిది అయితది. బరువు మస్తుంటది. కాని ధర తక్కువ, లిథియం తీరు భగ్గుమనవు. వెనక క్యారియర్ మీద కాదు, దండె కింద నడుమ పెట్టు, లేకుంటే సైకిల్ ఎనకకు గుంజుతది. బ్యాటరీకి, డబ్బాకు నడుమ ఫ్యూజు పెట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు నువ్వు కూడ తొక్కు. పోయి రావడానికి సరిపోతది.

ముప్పై ఆరు అని అంత నమ్మకంగ ఎట్ల చెప్పిన అంటవేమో. గా మోటర్ ఒక ఆదివారం నేను, పర్శరాములు కలిసి ఎక్కించినం. డబ్బా నేనే ఇచ్చిన. వోల్టులు వాడే నా చేత మళ్ల మళ్ల చూపిచ్చుకున్నడు.

చార్జింగ్ ఇంటి బయట పెట్టు. పెట్టినంక ముంగట కూసో. ఎంత అర్జెంటు పని పడ్డా ఇడిసి పోకు.

సిద్దిరాములు

*

ఆదిలాబాద్,
సెప్టెంబర్ 14

సిద్దిరాములు గారికి,

కరీంనగర్ లేబరాఫీసుల మా నష్టపరిహారం కేసు నడుస్తున్నది. నవంబర్ 19న పేషీ. వకీలు కాయితాలన్ని నాకు ఒక సెట్టు ఇచ్చిండు. ఇన్నాళ్లు వాటిని ముట్టబుద్ధి కాలే. నిన్న కూసొని సదివిన.

పోలీసు పంచనామా రెండో పేజీల ఇట్ల ఉన్నది: 'గోడ బోర్డుకు తగిలించి ఉన్న 48 వోల్టుల చార్జర్ ఒకటి, సగం కాలినది. దాని వైరు చివర పూర్తిగా కాలిపోయిన బ్యాటరీ.'

మీరు చెప్పినంక కంట్రోలర్ మీది స్టిక్కర్ తుడిచి చూసిన. ముప్పై ఆరు అనే ఉన్నది. మరి ముప్పై ఆరు సైకిల్‌కు ఆయన నలభై ఎనిమిది బ్యాటరీ ఎందుకు తెచ్చుకుంటడు? నాకు తెల్వకపాయె. ఆరేండ్లు గదే పని చేసినాయనకు తెల్వదా? వోల్టులు మళ్ల మళ్ల చూపిచ్చుకున్నడని మీరే రాసిండ్రు.

నాకు రాసింది అబద్ధమా, కోర్టుల చెప్పింది అబద్ధమా? రెండూ నిజం అయ్యేది లేదు.

నవత

*

ఆదిలాబాద్,
అక్టోబర్ 6

సిద్దిరాములుకు,

ఇరువై రెండు దినాలాయె. ఒక్క ముక్క రాయలే నువ్వు. బ్యాటరీ కొన్ననంటే జైలును కదిలిచ్చినవు. సూటిగ ఒక మాట అడిగితే నోరు పడిపాయెనా?

సైకిల్ అయింది. బాలమల్లు తాత దండె కింద రేకు పెట్టె చేసిచ్చిండు, మూడు బ్యాటరీలు పట్టినయి. కలిపేటప్పుడు తాతను దూరంగ నిలవెట్టి నేనే కలిపిన. ఎక్సలేటర్ తిప్పితే చక్రం గుయ్యిమని తిరిగింది. గా చప్పుడుకు అత్త బయటికి వచ్చి, చూసి, తలుపు ఏసుకున్నది. రెండు దినాలు నాతోటి మాట్లాడలే.

షాపు ఓనరు సేటు ఉన్నడు కదా, ఆయన వకీలు లేబరాఫీసుల రాసిచ్చిన కాయితం వచ్చింది. పర్శరాములు ఆ దినం డ్యూటీల లేడంట. సొంత బ్యాటరీ పని చేసుకుంటుండె అంట. సేటుకు ఏం తెల్వదంట. దానికి సాక్ష్యం నువ్వు కోర్టుల చెప్పిన మాట.

నేను తప్పు అర్థం చేసుకున్నట్టైతే గదన్న రాయి. ఊకోకు.

నవత

*

కరీంనగర్
అక్టోబర్ 15

నవతకు,

ఈ ఉత్తరం సార్లు సదువుతరు. సదవనీ.

నువ్వు పంచనామా రాసి పంపినంక రెండు సార్లు జవాబు రాసిన. రెండూ అబద్ధాలే, చింపేసిన. సైకిల్ పని గురించి అబద్ధం రాసుడు నాతోటి కాలే, రాస్తే నువ్వు కాలిపోతవు. గా ఒక్కటి నిజం రాసిన. ఇంక మిగిలింది దాచినా నీకు తెలిసిపోయింది.

కాలిన బ్యాటరీ పర్శరాములుది కాదు. వాడు బ్యాటరీ కొననే లేదు. అది షాపుది. సెల్లులు జోడించి నేను కట్టింది.

ఇంటింటికి సామాన్లు ఏసే పన్నెండు బండ్లు రెండు దినాలల్ల ఇయ్యాల్సి ఉండె. బ్యాటరీ లోపల ఒక బోర్డు ఉంటది, నిండినంక కరెంటును అదే ఆపుతది. బోర్డులు రాలే. సేటు 'ఏం గాదు, బోర్డు లేకుండనే కట్టి ఇయ్యి, తర్వాత పెడ్దం' అన్నడు. నేను కట్టిన. పర్శరాములు చూసి, 'అన్నా, దీన్ని చార్జింగ్ పెట్టకు, ఆపేటిది లేదు దీంట్ల' అన్నడు. 'నేను పని నేర్పినోన్ని, నాకే చెప్తున్నవారా' అన్న. వాడు చూస్తుండంగనే ప్లగ్గు పెట్టిన. కోపానికి పెట్టిన.

పట్టపగలు ఒంటి గంటకు సేటు ఫోన్ చేసిండు, బస్టాండుకు పార్సల్ వచ్చింది తెమ్మని. 'జర చూస్తుండు' అని వానికి చెప్పి పోయిన.

వచ్చేసరికి గల్లీ నిండ పొగ. షాపు మీది అర్రల నా భార్య కోమల, బిడ్డ ఉంటుండె, నీకు ఎరుకే. మంట లేవంగనే వాడు బయటికి ఉరకలే. మెట్ల కాడికి పోయి 'వదినా దిగు! పిల్లను తీస్కొని దిగు!' అని ఒర్రిండు. వాళ్లు దిగిండ్రు. దిగినంక వాడు మళ్ల లోపలికి పోయిండు, మిగిలిన బ్యాటరీలు అంటుకుంటే పక్కిండ్లు కూడ పోతయని. రెండు గుంజి బయట పడేసిండు. మూడోదానికి పోయినోడు రాలే. వేడికి కిందికి జారిన షట్టర్ లేపి తీసినం. మూడు దినాలు దవఖానల ఏం జరిగిందో నాకంటె నీకే ఎక్కువ ఎరుక.

పోలీస్ స్టేషన్‌కు సేటు వచ్చిండు. 'నువ్వొక్కనివే ఒప్పుకో. నీ పెండ్లాం, పిల్లను నేను చూసుకుంట. బ్యాటరీ పోయినోనిదని చెప్పు, పోయినోనికి ఇంక పోయేదేమున్నది' అన్నడు. ఆ మాట నాకు సబబుగ వినవడ్డది. వానికి నువ్వున్నవని, అవ్వ ఉన్నదని, వాని పేరు ఒకటి ఉంటదని అప్పుడు నాకు తోచలే. తోచలే అని రాసుడు కూడ అబద్ధమే. తోచింది. పక్కకు పెట్టిన.

నన్ను తిట్టు. ఏమన్న అను. కాని గా సైకిల్ వాన్ని చంపలే. నేను చంపిన.

సిద్దిరాములు

*

ఆదిలాబాద్,
అక్టోబర్ 24

సిద్దిరాములుకు,

నీ ఉత్తరం మిల్లుకు పోయే తొవ్వల, చెరువుకట్ట మీద సైకిల్ ఆపి ఫోన్ లైటుకు సదివిన. తర్వాత పనికి పోయిన. సాయంత్రం దాక పత్తిల చేతులు పెట్టుకొని నిలవడ్డ. ఎవలన్న పలకరిస్తే ఏం చేస్తునో అని ఎవలి దిక్కు చూడలే.

అత్తకు ఇంక చెప్పలే. ఉత్తరంల రాసినవు. ఉత్తరం చింపేస్తే పోతది. సేటు వకీలు అది నీది కాదంటడు, నువ్వు కూడ కాదంటవేమో. ఒకసారి అన్నోనివి.

నవంబర్ 19న అందరి ముంగట, సేటు ముంగట చెప్తవా? దీనికి అవునో కాదో రాయి. ఇంకేం రాయకు.

నవత

*

కరీంనగర్
నవంబర్ 5

నవతకు,

అవును.

ఇంకేం రాయకు అన్నవు గని ఇది రాయాలె. లేబరాఫీసుకు పిలిపియ్యమని జైలరు సారు ద్వారా దరఖాస్తు పెట్టిన. కోర్టుల అబద్ధం చెప్పినందుకు నా మీద ఇంకో కేసు కావచ్చని జైలుకు వచ్చే వకీలు చెప్పిండు. కానియ్యి.

మొన్న ములాఖాత్‌కు కోమల వచ్చింది. సేటు ఇచ్చిన అర్రల ఉంటున్నది, ఆయన ఇంట్ల వంట చేస్తున్నది. ఆమెకు ఎట్ల చెప్పాల్నో తెల్వక పది నిమిషాలు ఊరి ముచ్చట్లు చెప్పిన. తర్వాత చెప్పిన. ఏడుస్తది, వద్దంటది అనుకున్న. నడుమ ఉన్న ఇనుప జాలీ పట్టుకొని నన్నే చూసింది. 'మెట్లు కనవడ్డప్పుడల్ల నాకు ఆయన ఒర్రుడే వినవడ్తది. ఇన్నాళ్లు నువ్వెప్పుడు చెప్తవా అనే చూస్తున్న' అన్నది. అర్ర ఖాళీ చేసి సుల్తానాబాద్‌ల వాళ్ల అవ్వగారింటికి పోతున్నది. పిల్ల బడి నడుమల ఆగుతది.

సేటుకు ఎట్లనో తెలిసింది. నిన్న ఒకాయన వచ్చి, బయటికి వచ్చినంక కరీంనగర్‌ల ఎట్ల బతుకుతవో చూస్తం అని చెప్పి పోయిండు. భయం లేదని రాయను. ఉన్నది. వస్త.

పేషీకి వచ్చేటప్పుడు గా కంట్రోలర్ డబ్బా తీస్కరా.

సిద్దిరాములు

*

ఆదిలాబాద్,
డిసెంబర్ 8

సిద్దిరాములన్నకు,

నిన్ను పోలీసులు తీస్కపోయినంక జరిగింది నీకు తెల్వది. అందుకే రాస్తున్న.

ముందుగాల ఒక మాట. ఆ దినం నువ్వు లోపలికి వచ్చినప్పుడు నిన్ను గుర్తువట్టలే. సగమైనవు. నా దిక్కు చూడలే. సేటు మాత్రం నిన్నే చూసుకుంట ఫోన్ చేతుల తిప్పుతున్నడు. ఆఫీసరు సారు 'కాలిన బ్యాటరీ ఎవలది?' అని అడిగితే నువ్వు ఎంతసేపు ఊకున్నవో నీకు ఎరుకనా? నేను కంట్రోలర్ డబ్బాను బల్ల మీదికి జరిపిన. 'మళ్ల మాట మార్చిండు, అయిపాయె' అనుకున్న. అప్పుడు 'షాపుది సార్, నేనే కట్టిన' అన్నవు. మెల్లగ అన్నవు గని అందరికి వినవడ్డది.

సేటు వకీలు స్టిక్కర్ ఎవలైనా మార్చొచ్చు అన్నప్పుడు నువ్వు 'నలభై ఎనిమిది తెచ్చి ఈడనే కలపుండ్రి సార్, పొగ వస్తదో లేదో చూడుండ్రి' అన్నవు చూడు, అప్పుడు ఆఫీసరు సారు మొదటిసారి తల ఎత్తిండు.

నువ్వు పోయినంక కరీంనగర్‌ల ఇంకో మెకానిక్‌ను పిలిపిచ్చి డబ్బాను చూపిచ్చిండ్రు. ముప్పై ఆరే అని ఆయన రాసిచ్చిండు. మొన్న ఆర్డర్ వచ్చింది. పర్శరాములు షాపు పనిల ఉండంగనే, షాపు బ్యాటరీ వల్లనే పోయిండని రాసిండ్రు. సేటు పై కోర్టుకు పోతడంట. పోనీ. గా ఒక్క వాక్యం వకీలు చేత మూడు సార్లు సదివిపిచ్చుకున్న.

సైకిల్ దినాం నడుస్తున్నది. పత్తి ఉంటదని మిల్లు వాచ్‌మన్ బ్యాటరీ బండిని లోపలికి రానియ్యడు, గేటు బయట ఆయన కుర్చీ పక్కన పెడ్త. ఎదురు గాలికి తొక్కాల్సి వస్తున్నది గని కాళ్లు గుంజుడు తగ్గింది.

ఆర్డర్ వచ్చిన దినమే అత్తకు అంత చెప్పిన. నీ పేరు కూడ. మెట్ల కాడ ఆయన ఒర్రింది, రెండు బ్యాటరీలు గుంజింది, అంత. తెల్లారి నేను పనికి ఎల్లేటప్పుడు ఒకటే అడిగింది. 'ఆ దినం నా కొడుకు బువ్వ తిన్నడా?'

నేను బువ్వ డబ్బా కట్టిచ్చిన. తిన్నడో లేదో నాకు తెల్వది. దవఖానల ఆయన మాట్లాడే తీరుగ లేకుండె. నీకు ఎరుకైతే రాయి. ఆమె దినాం నా మొకం చూస్తున్నది.

నవత

*

కరీంనగర్
డిసెంబర్ 17

చెల్లె నవతకు,

తినలే.

నేను పార్సల్‌కు పోతున్నప్పుడు 'నాకు ఆలస్యమైతది, నువ్వు తినురా' అన్న. పొద్దుగాల కోపం చేసిన కదా, గది పోవాలని జర నెమ్మదిగనే అన్న. 'నువ్వు పోయి రా అన్నా, ఇద్దరం తిందం' అన్నడు. నా డబ్బా, వాని డబ్బా రెండు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టిండు. నేను తొందరగ వచ్చేది ఉండె. బస్టాండుల తెలిసినాయన కలిస్తే చాయ తాగిన.

తిన్నడని రాస్తే అవ్వ పాణం జర కుదుటవడేది. గది నాకు తెల్వక కాదు. నాలుగు దినాలు గా ఒక్క మాట గురించే ఆలోచించిన. రాయబుద్ధి కాలే. వాని గురించి ఇంక నా నోటి నుంచి ఒక్క అబద్ధం కూడ రావద్దు.

చెప్తవో, వేరే ఏమన్న చెప్తవో నీ ఇష్టం. నువ్వు ఏం చెప్పినా తప్పు కాదు.

సిద్దిరాములు

*

ఆదిలాబాద్,
డిసెంబర్ 26

అన్నా,

చెప్పిన. ఉన్నది ఉన్నట్టే చెప్పిన.

అత్త చాటల కందులు చెరుగుతున్నది. చేతులు ఆగినయి. నేను పక్కకు కూసున్న. తర్వాత, 'వానికి ఒక్కనికి కూసొని తినుడు చిన్నప్పటి కెల్లి రాదు' అన్నది. నాకు చెప్పినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు. మళ్ల చెరుగుడు మొదలు పెట్టింది.

కందులు అయిపోయినంక, 'గాయనను ఎప్పుడు ఇడుస్తరు?' అని అడిగింది.

'మే నెలల అన్నరు. కొత్త కేసు పడకపోతే.'

'ఇడిస్తే ఈడికి రమ్మను. వచ్చి తిని పొమ్మను.'

నాకైతే నిన్ను మాఫ్ చేసే మనసు ఇంక రాలే అన్నా. వస్తదో రాదో కూడ తెల్వది. ఆమె అన్నది కాబట్టి రాస్తున్న. వచ్చేముందు ఉత్తరం రాయి. ఇంట్ల బియ్యం చూసుకోవాలె.

నవత